ఈ వారపు చిత్రములు: మన యింటనే యున్నవారి కొరకు



మన పత్రికలో ప్రతివారమును "కుటుంబసమేతముగా చూడదగిన చిత్రములు" అను శీర్షిక క్రింద నాలుగైదు చిత్రముల పేర్లు ప్రకటించుట మీరెరిగినదే. గతమాసమున నొక రాత్రి, బరంపురం బడాబజారులోని మా పట్టుచీరల దుకాణము మూయబోవుచుండగా, లెక్కపుస్తకముల నడుమ నొక మడత కాగితము కనబడెను. చక్కని తెలుగు దస్తూరి. సంతకము లేదు. అందున్నవి రెండే వాక్యములు. "అయ్యా, మీరు ప్రతివారమును కుటుంబ చిత్రములని వ్రాయుచున్నారు. మావంటి గే పిల్లలు మీ కుటుంబములలో లేరా?"

ఆ కాగితమును మేము సంఘ కార్యవర్గ సమావేశమున చదివి వినిపించితిమి. కొంతసేపు ఎవరును మాటాడలేదు. పిమ్మట పెద్ద లొకరు, "ఒడిశాలో మనము కొద్దిమందిమి. ఇట్టి సంగతులు మన పత్రికలో వచ్చినచో రేపు మన పిల్లలకు సంబంధములు వచ్చునా?" అనిరి. మరియొకరు, "ఇది పట్నవాసపు జాడ్యము. మనలో లేదు" అనిరి. వారి వయస్సునకును, సంఘమునకు వారు చేసిన సేవకును మేము నమస్కరింతుము. అయినను ఆ రెండు మాటలకును సమాధానము చెప్పవలసిన భారము మాపై నున్నది. ఏలయన, రెండవ మాట నిజము కాదని మాకు స్వయముగా తెలియును. మొదటి మాటను నమ్మి జరిపిన నష్టములో మాకును భాగము కలదు.

ఎనిమిదేండ్ల క్రిందటి మాట. మాకు తెలిసిన యొక కుటుంబము వారి కుమారునికి మేమే పెద్దరికము వహించి సంబంధము కుదిర్చితిమి. పిల్ల సరిహద్దున కావలి శ్రీకాకుళం జిల్లాది. పెండ్లిచూపులనాడు పిల్లవాడు తల యెత్తలేదు. సిగ్గరియని మేమే నవ్వితిమి. తాంబూలములకు ముందునాటి రాత్రి అతడు మా దుకాణమునకు వచ్చి, గంటసేపు మౌనముగా కూర్చుండి, తుదకు "బాబాయ్, నాకీ పెళ్లి వద్దు" అనెను. కారణ మడిగితిమి. చెప్పలేకపోయెను. కారణము లేని మాటకు విలువ యేమని మేము, "పెళ్లైన తరువాత అన్నియు సర్దుకొనునులే" అని వీపు తట్టి పంపితిమి.

ఏమియు సర్దుకొనలేదు. మూడేండ్లపాటు ఆ పిల్ల తనలోనే యేదో లోపమున్నదని కుమిలి, తుదకు పుట్టింటికి చేరెను. అటుపిమ్మట గాని పిల్లవాడు తల్లికి నిజము చెప్పలేదు. అతని మనస్సు మొదటినుండియు పురుషులవైపే. ఇప్పుడతడు దూరనగరమున ఉద్యోగము చేసికొనుచు, పండుగలకును ఇంటికి రాడు. ఆ పిల్ల తండ్రి ఎక్కడైన ఎదురుపడిన మమ్ము చూచి ముఖము త్రిప్పుకొనును. ఆయనను తప్పుపట్టు అర్హత మాకు లేదు. మా దుకాణమున మడత విప్పి, కొంగు చూపి, ఫొడాకుంభపు అంచును వెలుతురున పట్టి చూపనిదే చీర అమ్మము. రెండు జీవితములను ముడివేయునప్పుడు మాత్రము ఆపాటి శ్రద్ధ చూపలేదు. ఆ పిల్లవాడు వద్దని చెప్పినను వినలేదు.

కావున ఇది మనలో లేదనువారికి మా మనవి యిది. మనలో కలదు. కనబడకుండ దాచుకొనునట్లు మనమే చేసితిమి.

ఇక "మనము కొద్దిమందిమి" అను మాటను గూర్చి. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా ఏర్పడి, గంజాం ప్రాంతము మద్రాసునుండి విడివడిన నాటినుండియు, కొద్దిమందిగా బ్రతుకుట యెట్లో మన తాతలు నేర్చిరి, మనకు నేర్పిరి. తెలుగు ఉపాధ్యాయుని కొరకు దరఖాస్తు పట్టుకొని పోయినప్పుడెల్ల, "మీ రెంతమంది?" అను ప్రశ్న మనము వినుచునే యున్నాము. తల వంచకుండ సమాధానము చెప్పుచునే యున్నాము. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక విద్య నేర్పు వసతి కల్పింపవలెనని చెప్పు 350-ఎ అధికరణము 1956లో రాజ్యాంగమున చేరినది. హక్కు తలల లెక్కనుబట్టి రాదనుటయే దాని సారము.

అట్టి మనము ఈ సంగతి గమనింపవలెను. స్వలింగ ప్రేమను నేరముగా నెంచు 377వ సెక్షను 1860లో ఆంగ్లేయులు వ్రాసిన శిక్షాస్మృతిలోనిది. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు దానిని నిలిపినప్పుడు, తీర్పులో చెప్పిన కారణములలో నొకటి, ఇట్టివారు దేశ జనాభాలో అత్యల్పభాగము మాత్రమే యని. "మీ రెంతమంది?" అను మన పాత ప్రశ్నయే అది. 2018 సెప్టెంబరు 6న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ తీర్పును త్రోసివేసి, వయోజనులు పరస్పర సమ్మతితో ఏకాంతమున ప్రేమించుకొనుట నేరము కాదని తేల్చెను. మన ఒడిశా హైకోర్టు కూడ 2020 ఆగస్టులో, తన్ను పురుషునిగా నెంచుకొను ఒక ట్రాన్స్‌జెండరు వ్యక్తి, తాను వలచిన స్త్రీతో కలిసి జీవించు హక్కును గుర్తించెను. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు స్వలింగ వివాహములకు చట్టబద్ధత కల్పింప నిరాకరించిన మాటయు నిజమే. చట్ట మింకను వారి పెండ్లిని గుర్తింపలేదు. కాని వారిని మరియొకరి మెడకు కట్టిపెట్టుమని యే చట్టమును మనకు చెప్పలేదు.

చిత్రములతో ఇంత పెద్ద సంగతికి పని యేమని అడుగవచ్చును. మా బాల్యమును తలచుకొని చెప్పుచున్నాము. అప్పుడు ఢిల్లీ దూరదర్శను ఆదివారము మధ్యాహ్నము ఒక్కొక్క వారము ఒక్కొక్క ప్రాంతీయ భాషాచిత్రము చూపుచుండెను. తెలుగు వంతు వచ్చుటకు ఎన్ని వారములో వేచియుండెడివారము. వచ్చిననాడు మా నాయనమ్మ తలంటుకొని, వీధిలోని తెలుగువారినందరిని పిలిచి, టీవీ ముందు చాప పరపించెడిది. చిత్రము మంచిదా చెడ్డదా యని ఎవరు చూచిరి? మన మాట ఆ పెట్టెలోనుండి వినబడినది, అదే చాలును. 1995లో ఈటీవీ, జెమిని వచ్చువరకును ఆ యాకలి తీరలేదు. తనవంటివానిని తెరపై చూచుకొనుటకు వేచియుండు పిల్లవాని బాధ మనకు తెలియనిదా? పైగా అతడు చూచిన తెలుగు చిత్రములలో అతనివంటివాడు వచ్చినదెల్ల నవ్వించుటకే. చేతులు త్రిప్పుచు, నడుము ఊపుచు వచ్చు ఆ హాస్యపాత్రను చూచి ఇంటిల్లిపాదియు నవ్వుచుండగా, ఆ పిల్లవాడును వారి నడుమ కూర్చుండి నవ్వవలసి వచ్చెను.

మన సంస్కృతికి ఇది క్రొత్తయని కొందరందురు. రెండేండ్ల కొకసారి మన బరంపురమున బుఢీ ఠాకురాణీ యాత్ర జరుగును. మ్రొక్కుబడికి వేషము కట్టినవారిలో స్త్రీవేషము దాల్చిన పురుషులను చూచి మనము చేతులు జోడింతుము. స్థానం నరసింహారావుగారి సత్యభామను చూచి మన తాతలు పరవశించిరి. 1956లో ప్రభుత్వము వారికి పద్మశ్రీ నిచ్చెను. వేషము వేరు, స్వభావము వేరు. ఆ రెండును ఒకటియని మేము చెప్పుటలేదు. కాని వేషమునకు మ్రొక్కిన చేతులతోనే, కొంచెము మెత్తగా నడచు పిల్లవానిపై వీధిలో రాయి వేయుట యెక్కడి ధర్మము?

ఇక ఈ వారపు జాబితా. రోజున కొకటి చొప్పున ఏడు. ఏది ఏ వేదికపై దొరకునో అది నెలనెలకు మారుచుండును. ఇంటిలోని పిల్లలు ఫోనులో వెదకి పెట్టగలరు.

సోమవారము: "అ!" (2018). ప్రశాంత్ వర్మ దర్శకత్వము వహించిన తెలుగు చిత్రము. భాష అడ్డుగా నుండదు గనుక దీనితో మొదలిడితిమి. ఇందు పలు కథలు కలవు. వానిలో నొకటి, రాధ యను యువతి తాను వరించిన వ్యక్తిని తల్లిదండ్రులకు పరిచయము చేయు కథ. వచ్చునది అబ్బాయి యనుకొని కూర్చున్న వారి యెదుటకు అమ్మాయి వచ్చును. ఆ తల్లిదండ్రుల ముఖములను చూడుడు. అవి మన ముఖములే. చిత్రమున కొన్ని కఠినమైన ఘట్టములున్నవి గనుక చిన్నపిల్లలు వలదు.

మంగళవారము: "ఈవెనింగ్ షాడోస్" (2018). హిందీ చిత్రము, శ్రీధర్ రంగాయన్ దర్శకుడు. దక్షిణదేశపు చిన్న ఊరిలోని సంప్రదాయ కుటుంబము. ముంబైనుండి వచ్చిన కుమారునికి తండ్రి పెండ్లి సంబంధము సిద్ధము చేయును. కుమారుడు తల్లికి నిజము చెప్పును. ఆపై కథ అంతయు ఆ తల్లిదే. భర్తకును బిడ్డకును నడుమ నలుగుచు, తానేమి తప్పు చేసితినోయని మొదట తన్ను తానే తిట్టుకొను ఆ యిల్లాలిని మన తల్లులు తప్పక చూడవలెను.

బుధవారము: టీవీ కార్యక్రమము "సత్యమేవ జయతే". ఆమిర్ ఖాన్ నడిపిన ఈ కార్యక్రమపు మూడవ విడతలో, 2014 అక్టోబరున ఒక భాగమును ఈ విషయమునకే కేటాయించిరి. ఇది కల్పిత కథ కాదు. నిజమైన మనుష్యులు తమ మాటలు తామే చెప్పుకొనిరి. "ఇది రోగము కాదా?" అని అడుగు బంధువు లింట నున్నచో, వాదింపక దీనిని చూపుడు. మా మాటకంటె అది బాగుగా పనిచేయును.

గురువారము: "బధాయీ దో" (2022). హర్షవర్ధన్ కులకర్ణి దర్శకత్వమున రాజ్‌కుమార్ రావు, భూమి పెడ్నేకర్ నటించిరి. పోలీసు ఉద్యోగి యొకడు, వ్యాయామోపాధ్యాయురా లొకతె. అతనికి పురుషులపైన, ఆమెకు స్త్రీలపైన మనస్సు. ఇంటివారి పోరు పడలేక ఇరువురును ఒకరినొకరు ఎరిగియే పేరునకు పెండ్లి చేసికొందురు. "సంతాన మెప్పుడు?" అను ప్రశ్న మొదలగుటతో వారి కష్టములును మొదలగును. నవ్వించుచునే చెప్పిన కథ. కుటుంబమంతయు చూడవచ్చును. నవ్వినంతసేపు నవ్వి, పిమ్మట ఆ యిరువురిని ఆ స్థితికి తెచ్చిన దెవరని ఆలోచింపుడు.

శుక్రవారము: "అలీగఢ్" (2016). హన్సల్ మెహతా దర్శకుడు. ఇది పెద్దలకు మాత్రమే. నిజముగా జరిగిన కథ. ఆచార్య రామచంద్ర సిరాస్ మరాఠీ పండితుడు, కవి. మరాఠీ గడ్డకు దూరముగా, ఉర్దూ హిందీలు మాటాడు పట్టణమున మరాఠీ బోధించుచు ఒంటరిగా జీవించెను. 2010 ఫిబ్రవరిలో కొందరు కెమెరాతో ఆయన యింట చొరబడి చిత్రీకరించిరి. ఆయనను ఉద్యోగమునుండి సస్పెండు చేసిరి. ఏప్రిల్ 1న అలహాబాదు హైకోర్టు ఆయన పక్షమున తీర్పు నిచ్చెను. వారము తిరుగక ముందే, ఏప్రిల్ 7న, ఆయన తన గదిలో విగతజీవుడై కనబడెను. మనోజ్ బాజ్‌పాయ్ ఆ పాత్ర ధరించిన తీరు మరపునకు రాదు. రాత్రివేళ ఒంటరిగా కూర్చుండి పాత పాటలు వినుచు కన్నీరు నింపుకొను ఆ వృద్ధుని చూచినప్పుడు, పరభాషా ప్రదేశమున తన మాట వినువాడు లేని మనిషి యెట్లుండునో మనవారికి ఎవరును వివరింప నక్కరలేదు. ఆయన రెండు విధముల అల్పసంఖ్యాకుడు. మొదటి విధమున ఆయన మనవాడే.

శనివారము: "నగర్‌కీర్తన్" (2017). కౌశిక్ గంగూలీ తీసిన బెంగాలీ చిత్రము; ఒడియా తెలిసిన మనకు ఆ భాష సగము పరిచయమే. పురుషదేహమున పుట్టి స్త్రీ హృదయము గల పుటి, ఆమెను ప్రేమించిన వేణువాదకుడు మధు. రాధాకృష్ణుల కీర్తనలు కథయందంతటను అల్లుకొనియున్నవి. పుటి పాత్రకు రిద్ధి సేన్ ఉత్తమనటుడుగా జాతీయ పురస్కారము పొందెను. ముగింపు గుండె పిండును. బలహీనులు ముందే మనస్సు దిటవు చేసికొనవలెను. వీలున్నవారు తెలుగింటి ఆడపడుచు సుధ కొంగర తమిళమున తీసిన "తంగం" అను చిన్న చిత్రమును గూడ చూడుడు. 2020లో వచ్చిన "పావ కదైగళ్" సంపుటములో అది మొదటి వరుసలో నిలుచునది.

ఆదివారము: "కాదల్ – ది కోర్" (2023). జియో బేబీ దర్శకత్వము వహించిన మలయాళ చిత్రము. కేరళ ప్రభుత్వపు ఉత్తమచిత్ర పురస్కారము పొందినది. మమ్ముట్టి వంటి మహానటుడు తానే నిర్మించి, తానే ఆ పాత్ర ధరించుట చిన్న సంగతి కాదు. మాథ్యూ దేవస్సి ఊరిలో పెద్దమనిషి. సహకార బ్యాంకు మేనేజరుగా పనిచేసి విశ్రాంతి తీసికొన్నవాడు. పంచాయతీ ఉపయెన్నికకు నిలుచునప్పుడు, ఇరువదేండ్లు కాపురము చేసిన భార్య ఓమన విడాకులు కోరును. కారణము అతడు స్వలింగ ప్రేమికు డగుటయే. ఆ పాత్రను జ్యోతిక ధరించినది. ఇందు కేకలు లేవు, తన్నులాటలు లేవు. కుటుంబమంతయు కూర్చుండి చూచుటకు వెరవ నక్కరలేదు. ఓమనకు భర్తపై ద్వేషము లేదు. తనకును ఆయనకును గూడ విముక్తి కోరినది. ఆమెను చూచుచున్నంతసేపును మాకు పుట్టింటికి మరలిన ఆ పిల్లయే కన్నుల మెదలినది. ఇట్టి పెండ్లిలో బలియగునది పిల్లవాడొక్కడే కాదు. ఏ పాపము నెరుగని మరియొక యింటి బిడ్డ కూడ.

వారము చాలనివారు, వయస్సు వచ్చినవారు, అమెజాన్ ప్రైములోని "మేడ్ ఇన్ హెవెన్" (2019) ధారావాహికను చూడవచ్చును. అందు ఇతరుల పెండ్లిండ్లు జరిపించుటయే వృత్తిగా గల యువకుడు తాను మాత్రము దాగి బ్రతుకవలసి వచ్చును.

"ఇవి చూచి పిల్లలు చెడిపోరా?" అని అడుగుదురు. పుట్టినది మొదలు ఆ పిల్లలకు స్త్రీపురుషుల ప్రేమకథలనే వందలకొలది చూపి పెంచితిమి గదా. చిత్రములవలన మనస్సు మారునదైన, వారందరును ఎప్పుడో మారియుండవలెను. మారలేదు. చిత్రము మనస్సును మార్చదు. మాటాడుటకు వెరచు తండ్రీకొడుకులను ఒక గదిలో రెండుగంటలు కూర్చుండబెట్టును. అంతమాత్రమే మేము కోరునది. చిత్రము ముగిసిన వెంటనే పిల్లవానిని ప్రశ్నలతో వేధింపవలదు. "పాపము, ఆ తల్లి యెంత బాధపడెనో" అని ఒక్కమాట అనుడు. ఇంట నెవరైన వినవలసినవా డున్నచో వినును. ఆ మాట విన్న పిల్లవాడు, నేడు కాకున్న ఆరునెలలకైన, నోరు విప్పును.

సంబంధములు రావను భయమునకు మా సమాధానము. దాచి చేసిన సంబంధములవలన మన సంఘమునకు గౌరవము వచ్చినదా? సరిహద్దున కావలి యింట ఒక తండ్రి ఇప్పటికిని మనలను నమ్ముట లేదు. ఆయన నమ్మకమును తిరిగి సంపాదించుట మాకు ముఖ్యము.

కావున మేము వ్యక్తిగతముగా ఒక నియమము పెట్టుకొంటిమి. కార్యవర్గము కూడ దీనిని పరిశీలింపవలెనని కోరుచున్నాము. ఇకమీద మా చేతిమీదుగా నడచు ఏ సంబంధమందైనను, తాంబూలములకు ముందు పిల్లవానిని, పిల్లను వేర్వేరుగా, పెద్దలెవరును లేనిచోట, "నీకిది ఇష్టమేనా?" అని అడుగుదుము. వద్దన్నచో కారణ మడుగము. ఇంటివారికి "మాకు జాతకము కుదరలేదు" అని చెప్పి ఆ నింద మేమే మోయుదుము. వ్యాపారములో అంతకంటె పెద్ద అబద్ధములే ఆడితిమి.

కాగితము వ్రాసిన చిరంజీవికి ఒక మాట. నీ దస్తూరి మేము గుర్తుపట్టలేదు. గుర్తుపట్టుటకు ప్రయత్నింపను లేదు. నీ ప్రశ్నకు సమాధానము, మీరు మా కుటుంబములలో ఉన్నారు. ఇన్నాళ్లు మీకు చోటులేని శీర్షికకు కుటుంబమని పేరు పెట్టుట మా పొరపాటు. మా దుకాణము రాత్రి తొమ్మిదింటివరకు తెరచియుండును. ఒకనాడు ఒక పిల్లవాడు గంటసేపు కూర్చుండి వెడలిపోయిన పీట ఇప్పటికిని అక్కడనే యున్నది.

ఈ వ్యాసముతో అభిప్రాయభేదము గలవారు నిస్సంకోచముగా వ్రాయవచ్చును. పేరుతో వ్రాసినను, పేరు లేక వ్రాసినను ప్రకటింతుము. శీర్షిక వచ్చేవారము యథాప్రకారము వెలువడును.